బానెట్ మన డిపార్ట్‌మెంటు కాదు

పొద్దున్న లేవగానే అమ్మన్న ముందు ఇంటిని కొట్టేవాడు. ఆ తరవాతే మొహం కడుక్కునేవాడు.

కొట్టడమంటే కోపంతో కాదు. చేతిలో జానెడు కర్ర ఉన్న చిన్న సుత్తి ఉండేది. వంటింటి కిటికీ ఊచల దగ్గర మొదలెట్టి మంచం కోళ్లు, నీళ్ల బకెట్టు, గ్యాసు బండ, వీధి గేటు, ఒక్కొక్కదాన్నీ ఒక్కో దెబ్బ కొట్టి చెవి ఒగ్గేవాడు. ఖంగుమంటే తల ఊపి ముందుకి పోయేవాడు. పగిలిన కుండలా బొద్దుమంటే మాత్రం ఆగి, మరో దెబ్బ కొట్టి, చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి దానిమీద ఇంటూ గుర్తు వేసేవాడు. రైల్వేలో వ్యాగన్ పాడైతే పాడైందనరు, సిక్ అయిందంటారు, మనిషికి జొరమొచ్చినట్టు. దాన్ని బండిలోంచి విడదీసి సిక్ లైన్లోకి తోస్తారు. అమ్మన్న ఇంటి వెనక జామచెట్టు కింద కూడా ఒక సిక్ లైను ఉండేది. అందులో చెవి ఊడిన బకెట్టు, కోడు వదులైన స్టూలు, అప్పయమ్మకి ప్రాణమైన ఇడ్లీ పాత్ర ఉండేవి. ఆ పాత్రని ఆవిడ ప్రతి ఆదివారం చప్పుడు కాకుండా డ్యూటీకి తెచ్చుకుని, పనయ్యాక కడిగి మళ్లీ చెట్టు కింద పెట్టేసేది. మొగుడి మాట మొగుడిది, ఇడ్లీ ఇడ్లీది.

ఆఖరున దేవుడి గూటి దగ్గరకి వచ్చేవాడు. సింహాద్రి అప్పన్న పటాన్ని సుత్తితో కొట్టడానికి మనసొప్పక, చేతి వెనకభాగాన్ని అద్దానికి ఆనించి కాసేపు ఆగేవాడు. ఇరుసు వేడెక్కిందా లేదా అని చూసే అలవాటది. చల్లగా ఉంటే "రైట్" అని గొణిగి మందారపువ్వు పెట్టేవాడు. దేవుడు ఏనాడూ వేడెక్కలేదు. ఆ ఇంట్లో వేడెక్కేది ఒక్క అప్పయమ్మే.

"ఏదో ఓనాడు నన్ను కూడా కొట్టి సూస్తావు," అనేది ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి.

"నీకక్కర్లేదు. నువ్వు కొట్టకుండానే మోగుతావు," అనేవాడు అమ్మన్న.

వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగు కూలీగా బిలాస్‌పూర్ వచ్చాడు. అమ్మన్న యార్డులో క్యారేజీ డిపార్ట్‌మెంట్లో చేరి, పొడుగు కర్ర సుత్తితో చక్రాలు కొడుతూనే తల నెరిసిపోయాడు. బండి వచ్చి ఆగితే చాలు, ఇటు కొసనుంచి అటు కొసకి నడుస్తూ చక్రం చక్రాన్నీ కొట్టి వినేవాడు. లోపల కూర్చున్నవాళ్లు పూరీలు తింటూ, పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఉండేవాళ్లు. వాళ్ల ప్రాణాలు ఆ చప్పుడులో ఉన్నాయని వాళ్లకి తెలీదు. తెలిస్తే పూరీ దిగదు. రిటైరైన రోజున పొడుగు సుత్తి స్టోర్సుకి అప్పజెప్పాల్సి వచ్చింది. తోటివాళ్లు దండతో పాటు ఈ చిన్న సుత్తి చేసిచ్చారు. దాని ఇనుము ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అక్కడున్నవాళ్లంతా మర్యాదస్తులు.

క్వార్టర్ ఖాళీ చేసి దయాల్‌బంద్ పేటలో అద్దెకి దిగాక, ఊళ్లో బొగ్గు ఆఫీసులూ బ్యాంకులూ పెరిగాయి. కార్లు కొనే తెలుగువాళ్లు కూడా తయారయ్యారు. కొత్త కారు అందని పండు, అంచేత అందరి చూపూ పాతవాటి మీదే. రైల్వే హెడ్ క్లర్కు గోవిందరావు ఒక కాంట్రాక్టరు దగ్గర నల్ల కారు చూడ్డానికి వెళ్తూ, తోడుగా ఉంటాడని అమ్మన్నని తీసుకెళ్లాడు. కారు నిగనిగలాడుతోంది. గోవిందరావు దాన్ని చూసి అప్పటికే పెళ్లిచూపుల్లో పిల్లాడిలా సిగ్గుపడుతున్నాడు. అమ్మన్న సుత్తి తీసి తలుపు మీద మెల్లగా తట్టాడు. రేకు మోగాల్సిన చోట బొద్దుమంది. ఇంకో పక్క తట్టాడు, అక్కడా బొద్దే. సుద్దముక్కతో తలుపు మీద ఇంటూ వేశాడు. కాంట్రాక్టరు హిందీలో పెట్టిన కేకలకి పక్కింటి కోళ్లు గోడెక్కాయి. అమ్మన్న గోటితో రంగు గీకి చూపించాడు. రంగు కింద రేకు లేదు, ఇడ్లీ పిండిలా మందంగా పుట్టీ. ఎప్పుడో దేన్నో గుద్దేసిన కారు అది.

ఆనాటినుంచీ నెహ్రూ నగర్ దాకా అతని పేరు పాకింది. పాత బండి కొనాలంటే, ముందు వినాయకుడికి కొబ్బరికాయ, తరవాత అమ్మన్నకి టీ. అంతకుమించి ఎవరిచ్చినా పుచ్చుకునేవాడు కాదు, సమోసా తప్ప. గోనెపట్టా పరిచి కారు కిందకి దూరి వెల్లకిలా పడుకునేవాడు. కమ్మీలూ స్ప్రింగుపట్టీలూ ఒక్కొక్కటే తట్టేవాడు. కారు లోపల కాళ్ల కింద పరిచే పట్టాలెత్తి తుప్పు చూసేవాడు. టైరు ఒకపక్కే అరిగితే బండి వంకరగా నడుస్తోందనేవాడు. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, మారాం చేసే పిల్లాణ్ణి కుదిపినట్టు కుదిపేవాడు. తరవాత వీధి చివరిదాకా నడిపించి తెప్పించి, నాలుగు చక్రాల నడిబొడ్డునా చేతి వెనకభాగం ఆనించి, ఏదైనా వేడిగా ఉందా అని చూసేవాడు. అన్నీ బాగుంటే "ఫిట్" అనేవాడు. ఆ మాట అన్నాక కొనేవాడు ఇంకెవర్నీ అడిగేవాడు కాదు.

ఒక్కటి మాత్రం చూసేవాడు కాదు. బానెట్ ఎత్తేవాడు కాదు.

అది మరుపు కాదు, నియమం. రైల్వేలో పెట్టెలు క్యారేజీవాళ్లవి, ఇంజను లోకోవాళ్లది. పెట్టెలు చూసేవాడు ఇంజను మీద చెయ్యి వేస్తే అది పక్కింటి పొయ్యిమీద కూర కలిపినట్టు. "అది మన డిపార్ట్‌మెంటు కాదు" అని అమ్మన్న చెప్తే, కొనేవాడు "అవును, నిజమే" అని తల ఊపేవాడు. కొనేవాడూ రైల్వేవాడే కదా. కారుకి లోకో షెడ్డు ఎక్కడుందని ఎవరికీ తోచలేదు. దేవుడి దయవల్ల అంతవరకూ అతను ఫిట్ అన్న బండ్లన్నిటికీ ఇంజన్లు బాగానే ఉన్నాయి. ఆ దయని అమ్మన్న తన గొప్పే అనుకున్నాడు.

బానెట్ అంటే అతనికి అంత దూరం ఉండడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాని పేరు ఎర్రయ్య. అప్పయమ్మకి స్వయానా అన్న. ఆవిరి ఇంజన్ల రోజుల్లో లోకో షెడ్డులో ఫిట్టరు. ఒకసారి ఒక ప్యాసింజరు బండి ఆలస్యంగా బయల్దేరింది. ఆలస్యమైన నిమిషాలు ఎవరో ఒకరి నెత్తిన రాయకపోతే రైల్వేకి నిద్ర పట్టదు. విచారణలో ఎర్రయ్య, మూడో పెట్టె ఇరుసు వేడెక్కిందన్నాడు. అమ్మన్న, ఇంజనుకి ఆవిరే లేవలేదన్నాడు. బావా బావా ఆఫీసరు బల్ల ముందు నిలబడి ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నారు. నిమిషాలు అమ్మన్న పక్కన పడ్డాయి. ఆ వేళనుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు మూసేశారు, ఇద్దరూ రిటైరయ్యారు, రెండు వీధుల తేడాలో ఇళ్లు కూడా తీసుకున్నారు. ఆ నిమిషాలు మాత్రం అలాగే ఉన్నాయి. అప్పయమ్మ పండక్కి బూరెలు చేస్తే ఒక గిన్నె అన్నకి వెళ్లేది. గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు, వాళ్ల పెరటి నిమ్మకాయలో మునక్కాయలో వేసుకుని వచ్చేది. అమ్మన్న ఆ మునక్కాయ పులుసు రెండుసార్లు వేయించుకునేవాడు గానీ ఎక్కడివని అడిగేవాడు కాదు.

కొడుకు రమణబాబు బొగ్గు ఆఫీసులో గుమస్తా. తెలుగులో మొదలెట్టి హిందీలో దిగే రకం. వాడికి అయిదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి మంచం పడితే, బిడ్డ దక్కితే రతన్‌పూర్ మహామాయమ్మకి ఎర్ర చున్నీ కప్పుతానని అప్పయమ్మ మొక్కుకుంది. బిడ్డ దక్కాడు, మీసాలు కూడా వచ్చాయి. చున్నీ మాత్రం దేవుడి గూట్లోనే ఉండిపోయింది. ఎప్పుడు బయల్దేరదామన్నా అమ్మన్నకి డ్యూటీ. రతన్‌పూర్‌కి రైలు లేదు, రైలు లేని ఊరికి దారి ఉంటుందని అతను మనస్ఫూర్తిగా నమ్మలేదు కూడా. డ్యూటీ అయిపోయేసరికి అప్పయమ్మ మోకాళ్లు అయిపోయాయి. బస్సు మెట్టు ఎక్కలేదు. జీపుల్లో కుక్కేస్తారు, కూర్చోలేదు. "అమ్మోరి బాకీ పెట్టుకుని పోతానేమో," అని పొద్దుట పువ్వు పెట్టినప్పుడల్లా ఆవిడ మెల్లగా అనేది. కోపంగా అంటే అమ్మన్న జవాబు చెప్పేవాడే. మెల్లగా అనడంతో నోరు లేచేది కాదు.

అంచేత ఆ వేసంగిలో రమణబాబు పాత కారు కొంటానన్నప్పుడు అతను సుత్తి తుడుచుకుని మరీ సిద్ధమయ్యాడు.

కారు నెహ్రూ నగర్‌లో విశ్వనాథం గారిది. వరంగల్ వైపు మనిషి, బ్యాంకు ఆఫీసరు, బదిలీ మీద వెళ్లిపోతున్నాడు. మీగడరంగు చిన్న కారు, వాకిట్లో తులసికోట పక్కన గుడిమెట్ల మీద ముసలమ్మలా ఒద్దికగా కూర్చునుంది. అమ్మన్న కింద పడుకోబోయేసరికి ఆయన భార్య ఆండాళ్ గారు గోనెపట్టా మీద దిండు కూడా వేసి పెట్టింది, మెడ నొప్పెడుతుందని. కారు కింద పడుకునేవాడికి దిండిచ్చిన తల్లిని అమ్మన్న అంతకుముందు చూడలేదు. ఆ బండి మీద అతనికి సగం నమ్మకం అక్కడే కుదిరింది.

మిగతా సగం విశ్వనాథం గారి మాటతో కుదిరింది. "రోజు పొద్దుగాల ఒక చెంబు నీళ్లు పోస్త దీనికి. మా ఆండాళ్ తులసికి పోస్తది, నేను దీనికి పోస్త. ఒక్కనాడు తప్పలె. బ్యాంకు దాక పోవుడు, ఇంటికి వచ్చుడు, గంతే."

అమ్మన్నకి కళ్లు చెమర్చినంత పనైంది. బండికి రోజూ నీళ్లు పోసేవాడు, పశువుకి నీళ్లు పెట్టేవాడితో సమానం. అలాంటి చేతుల్లో పెరిగిన బండికి జబ్బేమిటి? రోజుకో చెంబు నీళ్లు పోస్తే ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయన్న ప్రశ్న అతనికి రాలేదు. ఆ ప్రశ్న లోకోవాళ్లది.

రమణబాబు మాత్రం, "నాన్నా, ఏక్ బార్ ఇంజన్ భీ దేఖ్ లేతే," అన్నాడు. విశ్వనాథం గారు కూడా మర్యాదగా బానెట్ పైకెత్తబోయారు. అమ్మన్న ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, తల అడ్డంగా ఊపి, నాలుగు చక్రాలకీ చెయ్యి ఆనించి వచ్చి, "ఫిట్," అన్నాడు.

విశ్వనాథం గారు మంచి మనిషి. ముందే ఏమీ ఇవ్వొద్దు, మంగళవారం అమ్మని రతన్‌పూర్ తీసుకెళ్లి రండి, బండి నచ్చితేనే మాట ఖాయం, అన్నారు. రాయ్‌పూర్ నుంచి ఇంకొకాయన అడుగుతున్నాడు గానీ, అప్పయమ్మ మొక్కు తీరాకే ఆయనకి జవాబు చెప్తానన్నారు.

మంగళవారం పొద్దున్నే అప్పయమ్మ ఎర్రంచు చీర కట్టి, ఒళ్లో చున్నీ పొట్లం, కొబ్బరికాయ, పువ్వులు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. కారెక్కడానికి మోకాలు ఎత్తక్కర్లేకపోయిందని మూడుసార్లు చెప్పింది. వెనక సీట్లో అమ్మన్న రైల్వే మంత్రిలా కూర్చున్నాడు. రెండో వీధి మలుపులో ఎర్రయ్య గేటు ముందు నిలబడి వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. కారు దాటాక వెనకద్దంలోంచి చూస్తే, ఎర్రయ్య పుల్ల పక్కన పారేసి రోడ్డు మధ్యకి వచ్చి, చెయ్యి పైకెత్తి నోరు తెరిచాడు. ఏం అనుకున్నాడో మళ్లీ నోరు మూసుకున్నాడు. చెయ్యి దింపేశాడు.

కుళ్లు, అనుకున్నాడు అమ్మన్న తృప్తిగా.

సగం దారి గడిచాక కారు ముందునుంచి మొదట ఏదో ఉడుకుతున్న వాసన వచ్చింది. తరవాత బుస్సుమని చప్పుడొచ్చింది. ఆ వెంటనే బానెట్ సందుల్లోంచి తెల్లటి మబ్బు లేచి రోడ్డు కనపడకుండా పోయింది. రమణబాబు బండిని పక్కకి లాగి ఆపేశాడు. చుట్టూ ఎండిన పొలాలు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అమ్మన్న దిగాడు. నాలుగు చక్రాల దగ్గరా వంగి, ఒక్కొక్కదానికీ చేతి వెనకభాగం ఆనించి, లేచి నిలబడ్డాడు.

"సక్రాలన్నీ సల్లగానే ఉన్నాయి," అన్నాడు.

"మరి ఆగిందెందుకు?" అంది అప్పయమ్మ కిటికీలోంచి.

"అది ముందువైపు సంగతి."

"ముందువైపు ఎవులు సూసినారు?"

అమ్మన్న మళ్లీ వంగి వెనక చక్రానికి చెయ్యి ఆనించాడు. రమణబాబు ఆకాశం వైపు చూశాడు. బానెట్ లోపల బుసబుస ఆగలేదు.

"ఇన్నాళ్లూ డ్యూటీ అన్నాడు," అంది అప్పయమ్మ కొడుకుతో, మొగుడు పక్కన లేనట్టే. "ఇప్పుడు డ్యూటీ లేదు కదా, డిపార్ట్‌మెంటు దొరికింది."

కాస్త అవతల చెట్టు కింద టీ కాచి అమ్ముకునే ఒక ఛత్తీస్‌గఢీ ఆడమనిషి ఇదంతా చూసి, కుండతో నీళ్లు తెచ్చింది. ముందు కారుకి కాదు, అప్పయమ్మకి. "బైఠ్ దాయీ," అని చెయ్యి పట్టి దింపి, తన నులకమంచం నీడలోకి లాగి కూర్చోబెట్టింది. మంచం ఊగుతుంటే కోడు కింద ఇటుకముక్క దోపింది. అమ్మన్న చూపు అలవాటు చొప్పున ఆ కోడు మీదకి పోయింది. సుద్దముక్క జేబులోనే ఉంది. తియ్యలేదు. మంచినీళ్లకీ టీకీ రూపాయి ఇవ్వబోతే ఆవిడ పుచ్చుకోకుండా, అమ్మోరికి తెచ్చిన పువ్వుల్లో ఒకటి అడిగి తీసుకుని కొప్పులో పెట్టుకుంది.

రమణబాబు కాసిని నీళ్లు పోస్తే ఇంజను గుటగుటా తాగి మళ్లీ కక్కింది. ఇక నడవదని తేలిపోయింది. అప్పయమ్మ మంచం మీదనుంచే రతన్‌పూర్ దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టింది. "అమ్మా, సగం దూరం నానొచ్చినాను. మిగతా సగం నువ్వు సూసుకో," అని పొట్లం మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

ఇటుకలు దింపి ఊళ్లోకి తిరిగెళ్తున్న ట్రాక్టరువాడు తాడు కట్టి లాగడానికి ఒప్పుకున్నాడు. తల్లీ కొడుకూ కార్లో కూర్చున్నారు, అమ్మన్న ట్రాక్టరు రెక్కమీద. ఇంజను లేని పెట్టెని ఇంజను లాగుకుపోవడం అతను జీవితమంతా చూశాడు గానీ, ఇంజనున్న పెట్టెని లాగడం అదే మొదటిసారి చూడ్డం. దయాల్‌బంద్‌లోకి వచ్చేసరికి పిల్లలంతా వెంటబడ్డారు. ఒకడు గార్డులా తువ్వాలు ఊపాడు. ఇంకొకడు కూతపెట్టాడు. రెండో వీధి మలుపులో ఎర్రయ్య గట్టుమీదే ఉన్నాడు. ఇప్పుడు నవ్వుతాడు, నవ్వే హక్కు వాడికుంది, అనుకుని అమ్మన్న తల వంచుకున్నాడు.

ఎర్రయ్య నవ్వలేదు. గట్టు దిగి, పిల్లల్ని ఒక్క అరుపుతో చెదరగొట్టి, కార్లో ఉన్న చెల్లెలి మొహంకేసి ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం విశ్వనాథం గారూ ఆండాళ్ గారూ పరుగున వచ్చారు. ఆయన మొహం చూస్తే ట్రాక్టరు లాక్కొచ్చింది కారుని కాదు, ఆయన్నే అన్నట్టుంది. ఎప్పుడూ బ్యాంకు దాటి నడపలేదనీ, అంతసేపు వేడెక్కనివ్వలేదనీ, అందుకే తనకీ తెలియలేదనీ పదేపదే చెప్పుకున్నాడు. వెళ్లేలోగా తన ఖర్చుతో బాగుచేయించి చూపిస్తాననీ, అప్పుడు నచ్చితేనే తీసుకొమ్మనీ అన్నాడు. ఆండాళ్ గారు అప్పయమ్మ మోకాళ్లకి ఏదో తైలం తెచ్చి తనే రాసింది. వాళ్లు వెళ్లాక రమణబాబు, "ఛోడో నాన్నా, రాయ్‌పూర్‌వాలే కో దే దేనే దో," అన్నాడు, ఆ బండి రాయ్‌పూర్ ఆయనకే పోనిమ్మని. రిపేరు చేసే మెకానిక్కు తన పని బాగుందనే అంటాడు, బాగుందని చెప్పేవాడు వేరే ఉండాలి కదా, అన్నాడు. అది రైల్వే నియమమే. బాగుచేసినవాడు ఫిట్ అనకూడదు, చూసేవాడు అనాలి. ముందువైపు చూసేవాడు ఎవడని వాడు అడగలేదు. అడగకపోయినా ఆ మాట గదిలో నిలబడే ఉంది.

అప్పయమ్మ చున్నీ పొట్లాన్ని దులిపి, మడత సరిచేసి, దేవుడి గూట్లో పాత చోటే పెట్టేసింది. పెట్టిన తీరు చూస్తే మళ్లీ తీస్తానన్న ఆశ ఉన్నట్టు లేదు.

మర్నాడు పొద్దున్న అమ్మన్న సుత్తి పట్టుకుని లేచాడు. కిటికీ ఊచలు మోగాయి. మంచం కోళ్లు మోగాయి. దేవుడి గూటి దగ్గర పటానికి చెయ్యి ఆనించబోతే పొట్లం తగిలింది. అప్పన్న చల్లగానే ఉన్నాడు. "రైట్" అనకుండానే పువ్వు పెట్టి, మొహమైనా కడుక్కోకుండా, సుత్తి చేతిలోనే ఉందన్న సంగతి మర్చిపోయి వీధిలోకి నడిచాడు.

రెండో వీధిలో ఎర్రయ్య గేటు మూసి ఉంది. ఇన్నేళ్ల తరవాత ఏమని పిలుస్తాడు? చేతిలో సుత్తి ఉంది గనక గేటు కమ్మీ మీద ఒక దెబ్బ కొట్టాడు.

ఎర్రయ్య వేపపుల్లతో బయటకి వచ్చి, మనిషినీ సుత్తినీ చూశాడు.

"ఏటి? నా గేటుకి కూడా జబ్బేనేటి?"

"గేటు బాగుంది... బావా." ఆ రెండో మాట తుప్పు పట్టిన మరలా తిరగడానికి కాస్త మొరాయించింది. తిరిగాక వదులైంది.

ఎర్రయ్య పుల్ల నములుతూ నిలబడ్డాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. గేటు గడియ మాత్రం తీశాడు.

"నిన్న పొద్దుట మలుపు తిరిగినప్పుడే సూసినాను," అన్నాడు. "ఎనకాల గొట్టంలోంచి తెల్లగా పోతంది. పొగైతే కాసేపు ఏలాడతాది. అది ఏలాడనేదు, పుట్టింది పుట్టినట్టే మాయమైపోనాది. ఏసంగిలో అంత ఆవిరేటి? లోపల నీళ్లు ఎళ్లకూడని సోటికి ఎళ్తన్నాయి. నాను ఆవిరి మద్దెన ముసిలోణ్ణయినోణ్ణి, నాకు తెలీదేటి?"

"తెలిస్తే సెప్పలేదేటి?"

"నువ్వడిగినావేటి?"

లోపల్నుంచి ఎర్రయ్య భార్య చిన్నతల్లి రెండు గ్లాసుల టీ తెచ్చి, ఒక్క ప్రశ్న వెయ్యకుండా గట్టుమీద పెట్టి వెళ్లిపోయింది. పొద్దున్నే ఆ ఇంట్లో టీ తాగేవాడు ఒక్క ఎర్రయ్యే. రెండో గ్లాసు ఎప్పుడు పెట్టిందో ఏమో, ఆవిరి లేస్తూనే ఉంది.

"సెల్లి ఏడిసిందేటి?" అన్నాడు ఎర్రయ్య గ్లాసు అందుకుని.

"ఏడిస్తే బాగున్ను. పొట్లం గూట్లో పెట్టేసినాది."

ఎర్రయ్య టీ తాగడం ఆపాడు.

అమ్మన్న గట్టుమీద కూర్చుని సుత్తిని కింద పెట్టాడు. రోజూ చేతికి అంటుకుని ఉండే వస్తువు పక్కన పెట్టేసరికి చేతులేం చెయ్యాలో తెలియక, ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"బ్యాంకాయన బండి బాగు సేయించి తెస్తానన్నాడు. తెచ్చినాక నువ్వోపాలి రావాల బావా. బానెట్ ఎత్తి లోపల సూడు, గొట్టం దగ్గర నిలబడి సూడు. సక్రాలు నాను సూస్తాను. నువ్వు ఫిట్ అంటేనే మీ సెల్లి ఎక్కుద్ది, నేకపోతే ఎక్కదు."

ఎర్రయ్య గ్లాసు అడుగున మిగిలిన టీని గుండ్రంగా తిప్పుతూ అందులోకి చూస్తున్నాడు, ఇంజను లోపలికి చూస్తున్నట్టు. అమ్మన్న లేచి, గేటు దాకా నడిచి, సుత్తి మర్చిపోయానని వెనక్కి వచ్చాడు. సుత్తి తీసుకున్నా కదల్లేదు.

"ఇంకో మాట," అన్నాడు గొంతు తగ్గించి. "నానొచ్చి అడిగినానని మీ సెల్లితో అనకు. ఇటేపు పోతా నీ అంతట నువ్వే బండి సూసి ఆగినట్టు రా బావా, నీకు పుణ్యముంటాది."